కొరమేను ముల్లు తీయడానికి ఎలాంటి చాకు కొనాలి

మా అత్తయ్య కత్తిపీట ముందు కూర్చుందంటే రెండు కేజీల బొచ్చె నాలుగు నిమిషాల్లో తల, పొట్ట, వెన్ను, తోక అని విడివిడిగా గిన్నెలో పడిపోతుంది. ఆకివీడులో ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లయింది, ఆ వేగం నాకు ఇప్పటికీ రాలేదు. అయితే తొమ్మిదేళ్ల కిందట ఇంటి దగ్గరే చేపల పచ్చడి పట్టి అమ్మడం మొదలుపెట్టాక ఒక సంగతి తెలిసింది. కత్తిపీటతో ముక్క కోయొచ్చు గానీ ముల్లు తీయలేం. కత్తి కదలకుండా నిలబడి ఉంటుంది, చేపని మనం దాని మీదకి తోస్తాం. అడ్డంగా కోయడానికి అంతకన్నా మంచి పనిముట్టు లేదు. కండని వెన్నుముల్లు మీంచి దుప్పటి లాగినట్టు ఒలవాలంటే మాత్రం, అంచు ముల్లుని ఆనుకుని పడుకుని నడవాలి. అది చేతిలో పట్టుకునే చాకు చేయాల్సిన పని.

పచ్చడి కొనేవాళ్లకి ఒక్క ముల్లు తగిలితే చాలు, మళ్లీ ఫోన్ చేయరు. అందుకని చాకు వెతకడం మొదలుపెట్టాను. మొదట కొన్నది ఫోటో చూసి. రేకు (బ్లేడు) మీద సుత్తితో కొట్టినట్టు నొక్కులు, నల్లటి చెక్క పిడి, ఎనిమిది అంగుళాలు, పద్దెనిమిది వందలు. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. కేజీంపావు కొరమేను తెచ్చి కూర్చున్నాను. వీపు వైపు మూడు మిల్లీమీటర్ల పైన మందం ఉన్న రేకు వెన్నుముల్లు దగ్గర వంగదు కదా, కండలోకి ఎగిరి వస్తుంది. రెండు వైపులా కలిపి నాలుగు వందల గ్రాములు కూడా రాలేదు. మిగిలిన ముల్లుతో ఆ పూట పులుసు పెట్టాం. మా అత్తయ్యకి తెగ నచ్చింది, కండంతా దానికే ఉండిపోయింది మరి.

మా బాబాయి హైదరాబాదులో హోటల్ వంటశాలల్లో చాలా ఏళ్లు చేశాడు, అపోలో ఫిష్‌కి కొరమేను బోన్‌లెస్ కొట్టడమే ఆయన పని. ఫోన్‌లో నా గోడు విని, "కత్తి సంగతి తర్వాతమ్మాయ్, నువ్వు ఏ చేప కోస్తావో చెప్పు ముందు" అన్నాడు. ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా ఆ మాట వెనకాలే వచ్చింది.

మన చెరువుల్లో, కాలువల్లో దొరికే చేపలు ముల్లు తీయడానికి అన్నీ ఒక్కలా ఉండవు. కొరమేను, తెలంగాణ వాళ్లు కొర్రమీను అంటారు, వాళ్ల రాష్ట్ర చేప కూడా అదే. దీని కండలో సన్నముళ్లు ఉండవన్నంత తక్కువ. వెన్నుముల్లు, పక్కటెముకలు తీసేస్తే మిగిలేది కండే. వాలుగ, ఫంగస్ కూడా అంతే, పైగా వాటికి పొలుసు ఉండదు. (చెరువుల వాళ్లు పంగాసియస్‌ని నోరు తిరగక ఫంగస్ చేశారు. ఆ పేరుకి తినబుద్ధి కాదు గానీ చేయి అలవాటు చేసుకోవడానికి అంత చవకైన చేప ఇంకోటి లేదు.) తిలాపియా కూడా నేర్చుకోవడానికి మంచిదే. వీపు మీది రెక్క ముళ్లు మాత్రం గుచ్చుకుంటాయి, కత్తెరతో ముందే కత్తిరించేయండి.

బొచ్చె, శీలావతి, మోసు వేరే జాతి. వీటి వెన్ను కండలోనూ తోక కండలోనూ రెండు కొమ్మలుగా చీలిన సన్నటి ముళ్లు ఉంటాయి. వెన్నుముల్లుకి అతికి ఉండవు, కండలోనే తేలుతుంటాయి. ఎంత ఖరీదైన చాకు కొన్నా, ఎంత చక్కగా ఒలిచినా అవి కండతో పాటే వచ్చేస్తాయి. మనవాళ్లు పొట్ట ముక్క కోసం కొట్టుకునేది ఊరికే కాదు, అక్కడ ఉండేవి పెద్ద పక్కటెముకలే, చేత్తో తీసి పక్కన పెట్టేయొచ్చు. కాబట్టి రోజూ తెచ్చేది శీలావతే అయితే బోన్‌లెస్ చాకు కోసం డబ్బు పోసే ముందు ఒకసారి ఆలోచించండి. ఒక ఉపాయం ఉంది గానీ దానికి చాకు క్షవరం కత్తిలా ఉండాలి. ఒలిచిన కండని తోలు కిందికి పెట్టి, మూడేసి మిల్లీమీటర్లకి ఒక గాటు, తోలు తెగకుండా అడ్డంగా పెట్టుకుంటూ పోవాలి. లోపలి సన్నముళ్లు ఎక్కడికక్కడ తునిగిపోతాయి. కాగే నూనెలో వేస్తే కరకరలాడిపోయి నోటికి తెలియవు. వేపుడుకి బాగుంటుంది. పచ్చడికి నేను అంత సాహసం చేయను, కొరమేనుతోనే పడతాను.

ఇక చాకు. చేప పొడవుని బట్టి కాకుండా, ఒలిచే కండ వెడల్పుని బట్టి పొడవు చూసుకోవాలి. చాకు చేపని అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దాటి, మొన బయటికి కాస్త కనపడాలి. అలా ఉంటేనే ఒక్క లాగుతో పోతుంది. పొట్టి చాకుతో రంపం కోసినట్టు ముందుకీ వెనక్కీ ఆడిస్తే కండ మెట్లు మెట్లుగా వస్తుంది. అరకేజీ తిలాపియాకి ఆరు అంగుళాలు. కేజీ నుంచి రెండు కేజీల కొరమేనుకి ఏడు. నాలుగైదు కేజీల బొచ్చె, వాలుగ ఒలిచేవాళ్లకి ఎనిమిది, తొమ్మిది. ఇంటికి ఒక్కటే కొనాలంటే ఏడు అంగుళాలది కొనండి. నాది అదే.

వెడల్పు ఎంత తక్కువైతే అంత మంచిది. మధ్యలో 18, 20 మిల్లీమీటర్లు మించకూడదు, మొన దగ్గర సూదిగా అయిపోవాలి. వెడల్పు రేకు తిరగాల్సిన చోట తిరగదు, తడి కండకి అతుక్కుంటుంది కూడా. వీపు మందం పిడి దగ్గర రెండు మిల్లీమీటర్లు, మొన వైపు పోయేకొద్దీ సన్నబడాలి. చాకుని కంటి ముందు తుపాకీలా పట్టుకుని వీపు మీంచి చూస్తే ఈ సన్నబడటం తెలుస్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం ఉంటే అది ఇనుప పలకలోంచి కత్తిరించి పిడి తొడిగిన సరుకు.

అసలు పరీక్ష వంపు. కొట్లో చెక్క పీట గానీ అట్టపెట్టె గానీ అడగండి. మొన దాని మీద ఆనించి, పిడి పట్టుకుని, రేకు చదును పక్క మీద రెండో చేతి బొటనవేలితో మెల్లగా నొక్కండి. మంచి చాకు ముందు సగంలో విల్లులా వంగుతుంది. ఏడు అంగుళాల చాకైతే వేలెడు పక్కకి రావాలి, వదలగానే తిన్నగా నిలబడాలి. రెండు చోట్ల అనుమానపడండి. ఒకటి, వంపు పిడి మొదట్లోనే వస్తే: అలాంటి చాకు చేతిలో ఊగుతుంది, మనం అనుకున్న చోటికి పోదు. రెండు, వదిలాక ఏ కొంచెమైనా వంకర మిగిలిపోతే: ఆ ఇనుము మెత్తన, నెల తిరక్కుండా అరటాకులా అయిపోతుంది. భీమవరంలో పాత్రల కొట్టాయన నన్ను చూసి "చాకుని అలా వంచకండమ్మా" అని కంగారుపడ్డాడు. నాలుగు వంచి చూసి ఐదోది కొన్నాను. రెండు వేలు దాటింది. తొమ్మిదేళ్లలో ఇంట్లో నేను పెట్టిన ఖర్చుల్లో మా ఆయన ఒక్క మాట కూడా అనని ఖర్చు అదొక్కటే.

ఎంత వంగాలన్నది కూడా చేపని బట్టే. తిలాపియా, ఫంగస్ లాంటి మెత్తని కండకి బాగా వంగేది కావాలి. పెద్ద బొచ్చెకి పక్కటెముకలు లావు, అక్కడ మరీ వంగే చాకు ఎముక మీద జారి ఎగిరి పైకి వచ్చేస్తుంది, కాస్త బిరుసైనది ఉండాలి. కొరమేను మధ్యలో ఉంటుంది. కొట్లో ఇదే పొడవుతో మటన్ ఎముక తీసే చాకులు కూడా ఉంటాయి, మొన వాడిగా, రేకు సన్నగా, అచ్చం ఇలాగే కనిపిస్తాయి. అవి చాలావరకు వంగవు. నొక్కి చూడకుండా కొంటే మోసపోయేది అక్కడే. జపాను వాళ్లు దేబా అనే లావు కత్తితోనే చేపలు ఒలుస్తారు, అది నిజమే. ఒకవైపే పదును ఉండే ఆ కత్తికి చేతివాటం వేరు, నేర్పించేవాళ్లు పక్కన ఉంటే తప్ప మనకెందుకు.

పిడి గురించి ఎవరూ అడగరు, నేనైతే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. కొరమేను జిగురు చేతికి అంటిందంటే సబ్బు రాసుకున్నట్టే. నున్నటి చెక్క పిడి, మెరిసే స్టీలు పిడి ఫోటోలో అందంగా ఉంటాయి. జిగురు చేత్తో పట్టుకుంటే మొన ఎముకకి తగిలి ఆగిన క్షణంలో చేయి పిడి మీంచి రేకు మీదకి జారిపోతుంది. నా చూపుడువేలు లోపలి వైపు ఒక గీత ఉంది, ఆ మొదటి చాకు జ్ఞాపకమే. గరుకు రబ్బరు గానీ గరుకు ప్లాస్టిక్ గానీ ఉన్న పిడి తీసుకోండి, వేళ్ల ముందు ఒక మడమలా అడ్డు ఉండాలి. కొట్లో చేతులు పొడిగా ఉంటాయి, ఆ పట్టు నిజం కాదు. నేను సంచిలో చిన్న సీసాతో కొబ్బరినూనె పట్టుకెళ్లి, అరచేతికి రాసుకుని పట్టుకుని చూశాను. నవ్వుకున్నారు, నవ్వుకోనివ్వండి. రేకుకీ పిడికీ మధ్య సందు లేకుండా ఉందా అని కూడా చూడండి. ఆ సందులో చేరిన రక్తం, కండ ఎంత కడిగినా పోవు, మూడో రోజుకి వాసన చెబుతుంది. చెక్క పిడి మీద మోజుంటే ఫిన్లండు రపాలా వాళ్ల బర్చి చెక్క పిడి చాకులు సన్నగా, బాగా వంగేవి ఉంటాయి. వాటిని నీళ్లలో నానబెట్టకుండా చూసుకోవాలి. విక్టోరినాక్స్ వాళ్ల గరుకు ప్లాస్టిక్ పిడివి వంటశాలల్లో ఎక్కువ కనపడతాయి, కారణం ఆ పిడే.

ఇనుము విషయం చిన్నగా చెప్పి వదిలేస్తాను. రేకు మీద ఎక్స్50 సీఆర్ఎంఓవీ15 (X50CrMoV15) అని చెక్కి ఉంటే అది జర్మనీ చాకుల్లో మామూలుగా వాడే స్టెయిన్‌లెస్. 50 అంటే కార్బన్ సుమారు అర శాతం, 15 అంటే క్రోమియం సుమారు 15 శాతం. గట్టిదనం రాక్‌వెల్ లెక్కలో 55, 57 మధ్య ఉంటే మన పనికి సరిపోతుంది. అంతకంటే బాగా గట్టివి పదును ఎక్కువ రోజులు నిలుపుతాయి గానీ, వంచినప్పుడు అంచు పళ్లు పళ్లుగా రాలే భయం ఉంది. మామూలు కార్బన్ ఇనుము పదును అద్భుతంగా ఎక్కుతుంది. నిమ్మకాయ, చింతపండు, ఉప్పు తగిలే ఇంట్లో అది రోజూ నల్లబడుతుంది, తుడిచే ఓపిక ఉన్నవాళ్లకే అది.

మన కమ్మరి చేసే కత్తులని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. లారీ కమాను పట్టీతో కొట్టించిన కత్తి బొచ్చె తల రెండుగా చీల్చడానికి బంగారం, మా ఇంట్లో ఒకటి ఉంది. పవర్ యాక్సా (ఇనుము కోసే మోటారు రంపం) బ్లేడుని సాన పట్టి చేసిన చాకులు కూడా సంతల్లో దొరుకుతాయి, పదును చాలా రోజులు ఉంటుంది. అయితే మొదటిది మందం, రెండోది పెళుసు. యాక్సా బ్లేడు చాకుని వెన్నుముల్లు పక్కన వంచబోతే మొన టక్కున విరిగి చేపలోనే ఉండిపోయింది. ఆ మొన దొరికేదాకా ఆ రోజు పచ్చడి పొయ్యెక్కలేదు.

చాకు కొన్న రోజే ఒక చేప మీద పరీక్షించండి. కొరమేనుని బతికుండగానే నీళ్ల తొట్టెలోంచి తీసి అమ్ముతారు, అది గాలి పీల్చే చేప కాబట్టి. అప్పుడే చంపిన చేప కండ ఇంకా అదురుతూ ఉంటుంది, కత్తి కింద ముడుచుకుపోతుంది. కల్లుప్పు, బూడిద వేసి గరుకు బండ మీద రుద్ది జిగురు, పొలుసు వదిలించి, పేగులు తీసి, అరగంట ఐసులో ఉంచండి. తర్వాత బాగా తుడవండి, తడి చేప చాకుకి శత్రువు.

మొప్ప వెనకాల, పక్క రెక్కని తల వైపు వదిలేసేలా, వెన్నుముల్లు తగిలేదాకా ఏటవాలుగా ఒక కోత. ముల్లు తగలగానే ఆగి, అంచుని తోక వైపు తిప్పి, రేకుని పడుకోబెట్టండి. ఇక్కడ నొక్కొద్దు. రేకు కాస్త కిందికి వంగి వెన్నుముల్లుని ఆనుకుని ఉండేంత బరువు చాలు. పొడవుగా లాగుతుంటే పక్కటెముకల మొదళ్లు ఒక్కొక్కటే అంచుకి తగిలి టిక్, టిక్, టిక్ అని సన్నగా చప్పుడవుతుంది. దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టు ఉంటుంది ఆ చప్పుడు. అది వినపడుతున్నంతసేపు చాకు సరైన దారిలో ఉన్నట్టు. చప్పుడు ఆగిందంటే కండలోకి ఎక్కిపోయారు, కొంచెం వెనక్కి వచ్చి మళ్లీ ఆనించండి. పక్కటెముకలు దాటాక చప్పుడు దానంతటదే పోతుంది, అక్కడి నుంచి తోక దాకా ఒక్క లాగు. పక్క మీద మిగిలిన ఎముకల జల్లెడని మొనతో పలచగా గీరి తీసేయాలి. రేకు వంగకపోతే ఈ గీరడంలోనే పొట్ట కండంతా పోతుంది.

తోలు తీయడానికి తోక చివర అంగుళం కండ విడదీసి, ఆ తోలుని కల్లుప్పు అద్దిన వేళ్లతో గట్టిగా పట్టుకోండి. చాకుని పీటకి దాదాపు సమాంతరంగా పెట్టి అలాగే నిలిపి, తోలుని మీ వైపు అటూ ఇటూ ఆడిస్తూ లాగండి. నడవాల్సింది తోలు, చాకు కాదు. ఇప్పుడు కేజీన్నర కొరమేనుకి నాకు ఆరు వందల నుంచి ఆరున్నర వందల గ్రాముల కండ వస్తుంది. ముల్లు మీద కండ పలచగా, గాజులా వెలుతురు కనపడేలా మిగిలితే మీ చాకు పాసయినట్టే.

తలలు, వెన్నుముల్లు ఈ చాకుతో నరకొద్దు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన చేపని దీంతో అస్సలు ముట్టొద్దు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు కొట్లో గడ్డకట్టిన శీలావతి ముక్కలు కొని, విడదీయడానికి సందులో ఇలాంటి చాకే దూర్చింది, రేకు మెలితిరిగిపోయింది. ఇక్కడి నుంచి తీసుకెళ్లేవాళ్లు చాకుని చెక్-ఇన్ పెట్టెలోనే సర్దండి, చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలోనే వదిలేసి పోవాలి. గ్రానైటు గట్టు మీద, టైల్సు మీద, స్టీలు పళ్లెంలో కోస్తే అంచు ఒక్క పూటలో మొండిబారుతుంది. చింత మొద్దు గానీ, మామూలు చెక్క గానీ, మెత్తటి ప్లాస్టిక్ పీట గానీ వాడండి.

పదును గురించి ఒక దెబ్బ తిన్నాను. వీధిలోకి మోటారు సానతో ఒకతను వస్తే నలభై రూపాయలిచ్చి పట్టించాను. నిప్పురవ్వలు పూలజల్లులా లేచాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. అంచు పొడవునా నీలం, గోధుమ రంగు తేలింది. రంగు మారిందంటే ఇనుము కాలిపోయి గట్టిదనం పోయినట్టు. ఆ తర్వాత ఒక్క చేపకే మొండిబారిపోయేది. ఆ నీలం ఉన్నంత మేర మెల్లగా అరగదీసేసరికి నాలుగు నెలలు పట్టింది.

ఇంట్లోనే వెయ్యి నంబరు సానరాయి కొనుక్కోండి. తడిపి, చాకుని రాయి మీద పడుకోబెట్టి, వీపుని మూడు రూపాయి బిళ్లలు దొంతర పెట్టినంత ఎత్తు లేపండి. ఇలాంటి సన్నటి రేకుకి ఆ ఎత్తు దగ్గరదగ్గర పదిహేను డిగ్రీల కోణం ఇస్తుంది. మొదట్లో నిజంగానే బిళ్లలు పెట్టి చూసుకున్నాను, తర్వాత చేతికే తెలిసిపోయింది. ఒకవైపు రుద్దుతూ, రెండోవైపు అంచుకి అడ్డంగా వేలు మెల్లగా బయటికి జరిపితే సన్నటి గరుకు తగలాలి. తగిలాక రెండోవైపు తిప్పండి. చివర్లో రెండు వైపులా ఒక్కోసారి తేలికగా లాగి ఆ గరుకు పోగొట్టండి. బొటనవేలి గోరు మీద అంచు ఆనిస్తే జారకుండా పట్టుకుంటే పదును ఉన్నట్టు. వారానికి పది, పన్నెండు కేజీలు ఒలిచే నాకు పది రోజులకి ఒకసారి చాలు. నెలకి రెండు చేపలు ఒలిచే ఇంటికి ఏడాదికి రెండు మూడుసార్లు సరిపోతుంది.

స్టెయిన్‌లెస్ అంటే తుప్పే పట్టదని నమ్మి ఒక రాత్రి చాకుని ఉప్పు కలిపిన ముక్కల బేసినులోనే మర్చిపోయాను. తెల్లారి చూస్తే రేకు మీద నల్ల మిరియపు చుక్కల్లా గుంటలు. అవి ఇప్పటికీ ఉన్నాయి. పని అవగానే చల్లటి నీళ్లతో ముందు కడగండి, వేడినీళ్లు పోస్తే కండ ఉడికి రేకుకి అంటుకుంటుంది. తర్వాత సబ్బు, తర్వాత పొడి గుడ్డ. తుడిచేటప్పుడు గుడ్డ వీపు వైపు నుంచే పట్టుకోవాలి.

ఒర రాకపోతే పాత క్యాలెండరు అట్ట మడిచి టేపు చుట్టేయండి, నాది అలాగే ఉంది. సొరుగులో గరిటెల మధ్య పడేస్తే అంచూ పోతుంది, వెతికేవాళ్ల వేలూ పోతుంది. మా అత్తయ్య ఆ చాకు ముట్టుకోదు. "ఊగులాడే కత్తిని ఎలా నమ్మడమే" అంటుంది. నేను ఒలిచి పక్కన పెట్టిన తలలూ వెన్నుముళ్లూ తీసుకుని కత్తిపీట ముందు కూర్చుంటుంది, ఆ పూట పులుసు ఆవిడది. ఈమధ్య మాత్రం గిన్నెలోకి తొంగి చూసి, "ముల్లుకి ఏం మిగల్చట్లేదు నువ్వు" అని సణుగుతోంది.